రిజిస్టరులో పేర్లు వైద్యం చెయ్యవు

దేశంలో ప్రతి 811 మందికి ఒక డాక్టరు ఉన్నాడని కేంద్ర ఆరోగ్య శాఖ 2025లో పార్లమెంటుకు చెప్పింది. వెయ్యి మందికి ఒకరుంటే చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంది కాబట్టి మనం ఆ గీత ఎప్పుడో దాటేశామని, డాక్టర్ల కొరత అన్న మాట పాతబడిందని, ఇక మిగిలింది సర్దుబాటేనని ఆనాటి నుంచి గట్టిగా వినబడుతోంది. పత్రికల సంపాదకీయాల్లో ఉంది, టీవీ చర్చల్లో ఉంది, కొత్త మెడికల్ కాలేజీల శంకుస్థాపన ఉపన్యాసాల్లో ఉంది. చదువుకున్నవాళ్లు కూడా దీన్ని తిరిగి ప్రశ్నించకుండా ఒప్పేసుకుంటున్నారు.

ఈ మాట మొదలంటా తప్పు. ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందుగా వెళ్లి చూపించుకునే డాక్టరు, ఆ ఇంటి జబ్బుల చరిత్ర తెలిసిన డాక్టరు, మనం కుటుంబ వైద్యుడు అనుకునే మనిషి దేశంలో ఎందరున్నారో ఆ అంకె చెప్పదు. కనీసం ఇవాళ పనిలో ఉన్న డాక్టర్లు ఎందరో కూడా చెప్పదు. మెడికల్ కౌన్సిళ్ల పుస్తకాల్లో ఎన్ని పేర్లు ఎక్కాయో చెబుతుంది, అంతే. ఆ తేడా ఎంత ప్రాణాంతకమో తెలుసుకోవాలంటే మనవాళ్లు వేలల్లో స్థిరపడిన అండమాన్ నికోబార్ దీవులను మించిన చోటు లేదు. డెలానీపూర్ వాడలో ఒక రకంగా, నికోబార్ దీవుల్లో చౌరాలో మరో రకంగా ఆ అంకె మోసం బయటపడుతుంది.

ముందు ఆ అంకెను విప్పి చూద్దాం. 2022లో ప్రభుత్వం చెప్పిన నిష్పత్తి 1:834. రిజిస్టరులో ఉన్న అల్లోపతీ డాక్టర్లు 13,08,009 మంది. వారిలో 80 శాతం అందుబాటులో ఉన్నారని అనుకుని, దానికి 5.65 లక్షల ఆయుష్ వైద్యులను కలిపారు. 2024లో అల్లోపతీ డాక్టర్లు 13,86,136కు పెరిగారు. ఆయుష్ అంకె మాత్రం అదే 5.65 లక్షలు. రెండేళ్లలో ఆయుర్వేద, హోమియో, యునానీ వైద్యుల్లో ఒక్కరూ పెరగలేదు, ఒక్కరూ తగ్గలేదు! నిష్పత్తి 1:836 అయింది. అంటే పుస్తకంలో డెబ్బై ఎనిమిది వేల పేర్లు పెరిగినా అంకె కాస్త దిగజారింది. 2025 వచ్చేసరికి అల్లోపతీ పేర్లు 13,88,185. అంతకుముందు లెక్క మీద పెరుగుదల రెండు వేల పైచిల్లర. ఏటా పదుల వేలమంది కొత్తగా ఎంబీబీఎస్ పట్టా పుచ్చుకునే దేశంలో పెరిగింది రెండు వేలేనా? కానీ ఆయుష్ సంఖ్య 7,51,768కి ఎగబాకింది, 80 శాతం లెక్కను ఈసారి వాళ్లకూ వర్తింపజేశారు, నిష్పత్తి 1:811కి మెరుగుపడింది. ఒక్క కొత్త డాక్టరు ఒక్క కొత్త రోగి చెయ్యి పట్టుకుని నాడి చూడకుండానే దేశ ఆరోగ్యం మెరుగైనట్టు కనిపించింది. మారింది ఒక పట్టికలోని ఒక గడి.

ఆయుష్ వైద్యులను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. చాలా పల్లెల్లో వాళ్లే దిక్కు. వాళ్లు చేసే పనిని వాళ్ల పేరు మీదే విడిగా లెక్కించడం వాళ్లకు గౌరవం. కలిపి ఒకే రాశి పోస్తే ఎవరు ఏం చేస్తున్నారో తెలియకుండా పోతుంది. అల్లోపతీ వాళ్లను మాత్రమే ఉంచి అదే 80 శాతం మీద లెక్క కడితే 2025 నిష్పత్తి 1:1250 దగ్గర తేలుతుంది. గీత దాటామన్న సంబరం అక్కడే ఆగిపోతుంది.

ఆ 80 శాతం మాటేమిటి? అది ఒక ఊహ. ప్రభుత్వ జవాబులోనే 'అనుకుంటే' అని ఉంది. చనిపోయినవారి పేర్లు, అమెరికాకూ ఇంగ్లండుకూ వెళ్లి అక్కడే ఉండిపోయినవారి పేర్లు, ప్రాక్టీసు మానేసి ఆస్పత్రి యాజమాన్యాలు చూసుకుంటున్నవారి పేర్లు, హౌస్ సర్జన్సీ పూర్తయి పీజీ సీటు కోసం ఏళ్ల తరబడి పుస్తకాలు పట్టుకుని కూర్చున్న పిల్లల పేర్లు అన్నీ ఆ రిజిస్టర్లలో ఉంటాయి. ఐదేళ్లకోసారి రెన్యువల్ అడిగే కౌన్సిళ్లు కొన్ని ఉన్నాయి. ఒకసారి రాసిన పేరును మళ్లీ చూడనివీ ఉన్నాయి. చదివిన రాష్ట్రంలో ఒకసారి, ఉద్యోగం దొరికిన రాష్ట్రంలో ఒకసారి రిజిస్టరైన డాక్టరు ఇద్దరుగా కనిపించే వీలుంది. ఈ చిక్కు తెలిసే కదా జాతీయ వైద్య కమిషన్ 2024 ఆగస్టులో ఆధార్‌తో ముడిపెట్టిన కొత్త జాతీయ రిజిస్టరును మొదలుపెట్టింది. పాత పుస్తకాలు నమ్మదగినవే అయితే కొత్తది ఎందుకు?

పనిలో ఉన్నవాళ్లను విడిగా లెక్క కట్టిన పరిశోధన మనకు ఉంది. అనూప్ కరణ్, సంజయ్ జోడ్పే, వారి సహచరులు 2021లో అచ్చువేసిన అధ్యయనం అది. రిజిస్టర్ల ప్రకారం పది వేలమందికి 8.8 మంది డాక్టర్లు. జాతీయ నమూనా సర్వే ఇంటింటికీ తిరిగి 2017-18లో సేకరించిన వివరాల ప్రకారం నిజంగా పనిచేస్తున్నవారు 6.1. వారిలో తగిన చదువు ఉన్నవారిని మాత్రమే ఉంచితే 5.0. అంటే రెండు వేలమందికి ఒకరు. 1946లో భోర్ కమిటీ, అప్పటి బ్రిటిష్ ఇండియాలో 6,300 మందికి ఒక డాక్టరు ఉన్నాడని చెప్పి, పాతికేళ్లలో రెండు వేలమందికి ఒకరు ఉండాలని లక్ష్యం పెట్టింది. భోర్ కమిటీ 1971కి అందుకోమన్న మెట్టు మీద మనం ఇంకా నిలబడి ఉన్నామని ఈ లెక్క అంటోంది.

ఇక వెయ్యికి ఒకరన్న గీత. దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నెత్తిన పెట్టడం మన దగ్గర అలవాటైపోయింది. ఆ సంస్థ 2006 నివేదికలో చెప్పింది వెయ్యిమందికి 2.28 మంది అని. అదీ డాక్టర్లు, నర్సులు, కాన్పులు చేసే సిబ్బంది ముగ్గురూ కలిపి. 2016లో దాన్ని 4.45కు పెంచింది, అదీ ముగ్గురినీ కలిపే. డాక్టర్లను మాత్రం విడదీసి వెయ్యికి ఒకరన్న లక్ష్యం మన ఇంటిలోనే పుట్టింది. 2011లో భారత వైద్య మండలి తన దార్శనిక పత్రంలో 2031 నాటికి దాన్ని చేరాలని రాసుకుంది. మనమే గీసుకున్న గీతకు పరాయి సంస్థ ముద్ర వేసి, దాన్ని దాటామని మనమే చాటుకుంటున్నాం.

ఇక్కడ ఎదుటి పక్షంలో గౌరవించవలసినవారూ ఉన్నారు. కుటుంబ వైద్యం కోసం దేశంలో గట్టిగా కృషి చేస్తున్న డాక్టర్ రామన్ కుమార్, డాక్టర్ రణబీర్ పాల్‌తో కలిసి 2018లోనే ఒక వ్యాసం రాసి, భారతదేశం ఆ నిష్పత్తిని అందుకున్నట్టేనని, కాబట్టి చర్చ దారి మళ్లించాలని వాదించారు. కొరత అన్న సాకుతో అర్హత లేని వైద్యాన్ని ప్రజల మీద రుద్దడం ఆపాలన్న తపన అర్థమవుతుంది. కానీ ఒక తప్పుడు కొలబద్ద మన వైపు మొగ్గినప్పుడు దాన్ని వాడుకుంటే, రేపు అదే కొలబద్ద పట్టుకుని ఎదుటివాడు మన గొంతు నొక్కుతాడు. ఇప్పుడు జరుగుతున్నది అదే. డాక్టర్లు చాలినంతమంది ఉన్నారన్న అంకెను చూపించి, పల్లెకూ దీవికీ కొత్త పోస్టు ఎందుకని అడుగుతున్నారు.

దీవుల దగ్గరికి వద్దాం. 2011 జనగణన ప్రకారం అండమాన్ నికోబార్ జనాభా 3,80,581. మైదానాల్లో ముప్పై వేలమందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో ఇరవై వేలమందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది దేశమంతటికీ ఉన్న నియమం. ఇరవై వేల చొప్పున భాగిస్తే దీవులకు 19 కేంద్రాలు రావాలి. గ్రామీణ ఆరోగ్య గణాంకాల్లో ఏళ్లుగా కనబడే అంకె 22. లెక్క ప్రకారం మూడు ఎక్కువ. ఢిల్లీలో కూర్చుని ఈ పట్టిక చూసేవాడికి దీవులు ధనవంతుల ఇల్లులా కనిపిస్తాయి. ఆ ఇరవై వేల నియమాన్నే నికోబార్ జిల్లాకు విడిగా వర్తింపజేయండి. జనాభా 36,842. రెండు కేంద్రాలు కూడా నిండుగా రావు. కార్ నికోబార్ నుంచి ఇందిరా పాయింట్ దాకా సుమారు 270 కిలోమీటర్ల పొడవున సముద్రంలో చెల్లాచెదురుగా ఉన్న మనుషులకు రెండు కేంద్రాలు సరిపోతాయని చెప్పే సూత్రాన్ని సూత్రం అనవచ్చా?

చౌరా సంగతి మరీ స్పష్టం. ఆ చిన్న దీవిలో 2011లో ఉన్నవారు 1,270 మంది. వెయ్యికి ఒకరన్న లెక్కన వాళ్లకు ఒకటింబావు డాక్టరు కావాలి. ఒక డాక్టరును వేస్తే ఎనభై శాతం అవసరం తీరినట్టు పట్టిక చూపిస్తుంది. ఆ ఒక్క డాక్టరు తల్లికి బాగాలేదని సెలవు పెట్టి ఓడ ఎక్కిన రోజున చౌరాలో కొరత నూటికి నూరు శాతం. పక్కన తెరెస్సాలో డాక్టరు ఉండవచ్చు. మధ్యలో సముద్రం ఉంది. కార్ నికోబార్‌లో బిషప్ జాన్ రిచర్డ్‌సన్ పేరు పెట్టిన ఆస్పత్రి ఉంది. మధ్యలో ఇంకా ఎక్కువ సముద్రం ఉంది. 1956 నాటి ఆదివాసీ సంరక్షణ నిబంధనల కింద బయటివాళ్లు అక్కడికి పాసు లేకుండా వెళ్లలేరు, కాబట్టి ప్రైవేటు క్లినిక్ వచ్చి ఆదుకుంటుందన్న ఆశ కూడా లేదు. ఆ నిబంధన ఉండవలసిందే, అది ఆ ప్రజల ప్రాణరక్ష. అందుకే సర్కారీ డాక్టరు అక్కడ ఉన్నాడా లేడా అన్న ఒక్క ప్రశ్నే అక్కడి వైద్యం మొత్తం. సగటు అనే ఊహ నేల మీద పనిచేస్తుంది, ఎందుకంటే ఒక ఊళ్లో లేకపోతే పక్క ఊరికి బస్సెక్కుతాం. ఉప్పునీళ్ల మధ్య సగటు పనిచేయదు.

మరి ఒక చోట ఎప్పుడూ డాక్టరు ఉండాలంటే ఎందరు కావాలి? ఏడాదికి 8,760 గంటలు. ఒక డాక్టరు వారానికి 48 గంటలు పనిచేసి, సెలవులు, శిక్షణలు, ఓడ ప్రయాణాలు పోగా 46 వారాలు దక్కాడనుకుంటే ఆయన ఇవ్వగలిగినవి 2,208 గంటలు. పగలూ రాత్రీ ఒకరు అందుబాటులో ఉండాలంటే నలుగురు కావాలి. రాత్రి కాన్పు వస్తే, రాత్రి ఛాతీలో నొప్పి వస్తే ఓడ కోసం తెల్లారేదాకా ఆగవలసిన చోట ఇది విలాసం కాదు. పోనీ, అంతమందిని వెయ్యలేం అనుకుందాం. పగటి ఓపీ మాత్రమే నడుపుదాం అన్నా, వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 2,496 గంటలు. ఒక్కడివల్ల అదీ పూర్తిగా కాదు. మన ప్రభుత్వ పట్టికలు మాత్రం ఒక పోస్టు, ఒక మనిషి, భర్తీ అని రాసి మూసేస్తాయి.

'పోస్టులు, ఖాళీలు ఏటా ప్రచురిస్తూనే ఉన్నారు కదా, ఇంకేం కావాలి?' అనేవాళ్లున్నారు. మంజూరైన పోస్టుల్లోంచి భర్తీ అయినవి తీసేస్తే ఖాళీ వస్తుంది. ఎన్నడూ మంజూరే కాని చోట ఖాళీ ఎప్పుడూ సున్నా. పోస్టు ఉన్నచోట పేరు ఉంటుంది, మనిషి డిప్యుటేషన్ మీద పెద్దాస్పత్రిలో ఉంటాడు. జీతం ఒక ఊరి ఖాతాలో, పని మరో ఊళ్లో. 2006లో అచ్చయిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో పరిశోధకులు చెప్పకుండా వెళ్లి చూస్తే మన దేశపు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో సిబ్బంది నూటికి నలభై మంది ఆ సమయానికి లేరు. దీన్ని డాక్టర్ల సోమరితనంగా చదవడం అన్యాయం. సమీక్షా సమావేశాలు, శిబిరాలు, కోర్టు సాక్ష్యాలు, పోస్టుమార్టంలు, ముఖ్యుల పర్యటన డ్యూటీలు కూడా వాళ్లను కుర్చీలోంచి లేపుతాయి. కారణం ఏదైనా వచ్చిన రోగికి ఆ రోజు డాక్టరు లేడు. దాన్ని కొలిచే గడి ఏ పట్టికలోనూ లేదు.

ఇప్పుడు డెలానీపూర్. శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్‌లో అబర్డీన్ బజారుకు దగ్గర్లో ఉన్న వాడ. అట్లాంటా పాయింట్‌లోని జీబీ పంత్ ఆస్పత్రి ఇక్కడికి కూతవేటు దూరం. దీవులన్నింటికీ పెద్దాస్పత్రి అదే, 2015లో మొదలైన వైద్య కళాశాలకు అనుబంధం కూడా అదే. స్పెషలిస్టులు, ట్యూటర్లు, హౌస్ సర్జన్లు అంతా ఇక్కడే. మైలు పరిధిలో లెక్క వేస్తే డాక్టర్ల సాంద్రత దేశంలో చాలా నగరాలను మించిపోవచ్చు. అయినా ఈ వాడలో ఒక తెలుగు కుటుంబాన్ని ఊహించుకోండి: శ్రీకాకుళం తీరం నుంచి ఒక తరం ముందు ఓడెక్కి వచ్చిన అవ్వ, షుగరూ బీపీ రెండూ ఉన్న కొడుకు, నెలలు నిండుతున్న కోడలు. మీ డాక్టరు ఎవరని అడిగితే వాళ్లు ఆస్పత్రి పేరు చెబుతారు, మనిషి పేరు చెప్పలేరు. ఓపీ చీటీ రాయించుకుని వరుసలో నిలబడితే ఈ నెల ఒకరు చూస్తారు, వచ్చే నెల మరొకరు. ప్రతిసారీ కథ మొదటినుంచి చెప్పుకోవాలి. అవ్వకు వచ్చింది తెలుగు ఒక్కటే, అదీ ఉత్తరాంధ్ర యాసలో. మనవడు బడి మానేసి వచ్చి హిందీలోకి మార్చి చెప్పాలి. దీవుల జనాభాలో 2011 నాటికి పదమూడు శాతానికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లే. బెంగాలీ, తమిళం, మలయాళం, నికోబారీ మాట్లాడేవాళ్ల సంగతీ ఇంతే. ఏ డాక్టరు ఏ భాషలో రోగి మాట వినగలడన్నది ఎవరి లెక్కలోనూ లేదు. చౌరాలో డాక్టరు ఉంటే ఒక్కడే, డెలానీపూర్ చుట్టూ వందమంది. రెండు చోట్లా కుటుంబ వైద్యుల సంఖ్య సున్నాకు దగ్గరే. రిజిస్టరు నిష్పత్తికి ఈ సంగతి ఎప్పటికీ కనబడదు.

ఎందుకంటే కుటుంబ వైద్యుడంటే కేవలం ఎంబీబీఎస్ చదివినవాడు కాదు. అమెరికన్ వైద్య పరిశోధకురాలు బార్బరా స్టార్‌ఫీల్డ్ జీవితమంతా చెప్పింది ఇదే: మొదట వెళ్లే మనిషి, ఏళ్ల తరబడి అదే మనిషి, అన్ని రకాల జబ్బులూ చూసే మనిషి, పెద్దాస్పత్రికి పంపినా తిరిగి పట్టించుకునే మనిషి. ఈ నాలుగింటిలో రెండోది ఎంత విలువైనదో నార్వే పరిశోధకులు 2022లో చూపించారు. పదిహేనేళ్లకు పైగా ఒకే డాక్టరు దగ్గర ఉన్నవాళ్లలో, ఏడాది లోపే ఆ డాక్టరు దగ్గరకు వచ్చినవాళ్లతో పోలిస్తే, చావులు పాతిక శాతం తక్కువ. అత్యవసరంగా ఆస్పత్రిలో చేరడం 28 శాతం తక్కువ. ఇంత పని చేసే మందు మార్కెట్లో ఉంటే దేశమంతా కొనేది. అది డాక్టరు మారకుండా ఉండటంలో ఉంది కాబట్టి మనం కొలవడమే లేదు.

ఆ పరిశోధన నార్వేలో సాధ్యం కావడానికి ఒక కారణముంది. 2001 నుంచి అక్కడ ప్రతి మనిషికీ పేరు తెలిసిన ఒక డాక్టరు, ప్రతి డాక్టరుకూ పేర్లు తెలిసిన ఒక జాబితా ఉంటాయి. కాబట్టి కుటుంబ వైద్యులు ఎందరంటే ఊహించనక్కర్లేదు. ఎన్ని జాబితాలు, ఒక్కో జాబితాలో ఎందరు, డాక్టరు లేక ఖాళీగా ఉన్న జాబితాల్లో ఎందరు పడి ఉన్నారు అన్నీ కనబడతాయి. ఆ దేశం నిండా కూడా దీవులూ, సముద్రపు పాయలూ, చలికాలంలో తెగిపోయే దారులే. సాధ్యం కాదనడానికి భూగోళాన్ని సాక్ష్యంగా పిలవకండి. మన తెలుగు డాక్టర్లు ఎందరో పనిచేసే ఇంగ్లండులో ప్రభుత్వం ప్రతి నెలా జీపీల, అంటే అక్కడి కుటుంబ వైద్యుల, సంఖ్యను రెండు రకాలుగా ప్రచురిస్తుంది: మనుషులు ఎందరు, వారానికి 37.5 గంటల పూర్తి పనిగా మారిస్తే ఎందరు. 2015 సెప్టెంబరుతో పోలిస్తే 2023 నాటికి అర్హత పూర్తయిన జీపీల తలలు పెరిగాయి, పూర్తి పని సంఖ్య తగ్గింది. మొదటి అంకె ఒక్కటే ప్రచురించి ఉంటే ఆ దేశం కూడా మనలాగే సంబరపడేది.

సీట్లు పెంచితే అన్నీ అవే సర్దుకుంటాయన్నది తర్వాతి వాదన. 2014కు ముందు 387 కాలేజీల్లో 51,348 ఎంబీబీఎస్ సీట్లు. 2024 జులై నాటికి 731 కాలేజీల్లో 1,12,112. పెరుగుదల నిజం, మంచిదే. కానీ కాలువలో నీళ్లు ఎక్కువ వదిలినంత మాత్రాన చివరి మడి తడవదని గోదావరి, కృష్ణా డెల్టాల్లో పుట్టినవాళ్లకు ఒకరు చెప్పాలా? ఎంబీబీఎస్ పూర్తిచేసిన పిల్ల మనసులో ఉన్నది రేడియాలజీ, చర్మవ్యాధులు, జనరల్ మెడిసిన్. అందులో ఆమె తప్పు లేదు. అన్ని జబ్బులూ చూసే డాక్టరుగా బతకడానికి గౌరవం ఉన్న దారి మనం వెయ్యలేదు. 2017 జాతీయ ఆరోగ్య విధానం ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎండీని విస్తరించాలని రాసింది. కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాల అంతకుముందే ఆ కోర్సు మొదలుపెట్టింది. ఎంబీబీఎస్ విద్యార్థి ఐదేళ్లపాటు తిరిగే వార్డుల్లో మాత్రం కుటుంబ వైద్యుడు అనే మనిషి దాదాపు కనిపించడు. చూడని మనిషిలా కావాలని ఎవరు కోరుకుంటారు?

మిగిలింది టెలీమెడిసిన్. 2020 ఆగస్టులో చెన్నై నుంచి దీవులకు సముద్రం అడుగున 2,300 కిలోమీటర్ల కేబుల్ వచ్చింది, కార్ నికోబార్, కమోర్తా, గ్రేట్ నికోబార్ దాకా వెళ్లింది. ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవని 2019 నుంచి నడుస్తోంది. రెండూ మేలు చేసేవే, నేను కాదనను. తెర మీద స్పెషలిస్టు సలహా ఇవ్వగలడు. కానీ తెర కడుపు నొక్కి చూడలేదు, అడ్డం తిరిగిన బిడ్డను సరిచేయలేదు, తుపాను గాలికి హెలికాప్టరు ఎగరని రాత్రి సెలైను ఎక్కించలేదు. తెరకు ఇవతల చెయ్యి వేసే మనిషి ఉన్నప్పుడే అవతలి మనిషి పనికొస్తాడు. తెరను డాక్టరుగా లెక్కించడం మొదలుపెడితే, చౌరాకు ఇక ఎప్పటికీ డాక్టరు అక్కర్లేదని ఎవరో ఒకరు రాస్తారు.

సరైన కొలత మన రాష్ట్రంలోనే తెలియకుండా ఒకసారి చేతికి చిక్కింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమం మొదలైంది. పీహెచ్‌సీకి ఇద్దరు డాక్టర్లు. ఒకరు కేంద్రంలో ఉంటే మరొకరు 104 వాహనంలో ఊళ్లకు వెళ్లాలి, నెలకు రెండుసార్లు అదే ఊరికి. రాజకీయంగా దీన్ని పొగిడినవాళ్లూ తిట్టినవాళ్లూ ఒక విషయం వదిలేశారు. ఆ పథకంలో ఊరికి దక్కేది ఏడాదికి 24 డాక్టరు రోజులు. మిగిలిన 341 రోజులు ఏఎన్ఎం, ఆశా కార్యకర్తే. ఇరవై నాలుగు అన్నది చాలా తక్కువ, సున్నా కన్నా చాలా ఎక్కువ. ఫ్యామిలీ డాక్టర్ అని పేరు పెట్టినంత మాత్రాన అప్పటిదాకా ఉన్న మెడికల్ ఆఫీసర్లు కుటుంబ వైద్యులు అయిపోరు. కానీ ఒక ఊరు, ఒక డాక్టరు, ఏడాదిలో ఎన్ని రోజులు అన్న కొలమానం మాత్రం సరైనదే. ఇన్ని వేలమంది డాక్టర్లను నియమించామన్న ప్రకటన కన్నా ఈ ఒక్క అంకె రైతుకు ఎక్కువ చెబుతుంది.

దీవుల్లో ఈ లెక్క తియ్యడం కష్టం కాదు. జనాభా చిన్నది, కేంద్రాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని, హాజరు పట్టీలు ఉన్నాయి, ఓపీ రిజిస్టర్లు ఉన్నాయి, ఎవరు ఏ రోజు ఓడెక్కారో టికెట్లు చెబుతాయి. ప్రతి దీవికీ, ప్రతి వాడకూ నెలకు నాలుగు అంకెలు ప్రచురిస్తే చాలు: డాక్టరు నిజంగా హాజరైన రోజులు, అదే డాక్టరు అక్కడ ఎంతకాలంగా ఉన్నాడు, రోగులు మళ్లీ వచ్చినప్పుడు అదే డాక్టరును చూసినవాళ్లు నూటికి ఎందరు, తమ భాషలో చెప్పుకోగలిగినవాళ్లు ఎందరు. కోట్లు ఖర్చయ్యే సర్వేలు అక్కర్లేదు. ఈ అంకెలు వచ్చిన మరుక్షణం ఏ దీవికి రెండో డాక్టరు కావాలో, జీబీ పంత్ ఓపీలో ఏ వాడకు ఏ డాక్టరును కేటాయించాలో అందరికీ కనబడుతుంది. అంకెలు తీస్తే జవాబు చెప్పుకోవలసి వస్తుంది. తియ్యకపోవడానికి నాకు తెలిసిన కారణం అదొక్కటే.

అండమాన్ నికోబార్‌కు శాసనసభ లేదు. లోక్‌సభలో ఒకే ఒక్క సభ్యుడు ఉన్నారు. దేశంలో డాక్టర్లు ఎందరని అడిగితే మళ్లీ 1:811 లాంటి జవాబే వస్తుంది. అందుకని డెలానీపూర్‌లో, జంగ్లీఘాట్‌లో, హాడోలో ఉన్న తెలుగువాళ్లకు నా విన్నపం: మీ సంఘాల సమావేశాల్లో తీర్మానం చేసి, మీ ఎంపీ చేత సభలో ఈ ప్రశ్న వేయించండి, సమాచార హక్కు కింద మీరూ వెయ్యండి. గత ఏడాది 365 రోజుల్లో చౌరా, తెరెస్సా, కచాల్ దీవుల్లో ఒక్కోచోట డాక్టరు ఎన్ని రోజులు ఉన్నారు? డెలానీపూర్‌లో ఎన్ని కుటుంబాలకు పేరు తెలిసిన డాక్టరు ఉన్నారు? ఈ రెండింటికీ అంకె రూపంలో, దీవివారీగా, వాడవారీగా జవాబు కావాలని అడగండి.